బందరు బస్సెక్కిన ప్రశ్నపత్రం

ఆ రోజుల్లో హైదరాబాదులో, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లంతా చేరే అశోక్‌నగర్‌లో గది అద్దెకు అడిగితే, ఇంటివాళ్లు మన పేరుకంటే ముందు "ఏ గ్రూపు?" అని అడిగేవాళ్లు. గ్రూప్ వన్ అంటే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు. గ్రూప్ టూ అంటే గుమ్మంలో నిలబెట్టి మాట్లాడేవాళ్లు. గ్రూప్ ఫోర్ అంటే నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలో చెప్పి తాళంచెవి చేతిలో పెట్టేవాళ్లు. ఏ నోటిఫికేషన్ పడితే ఆ గ్రూపువాణ్ని నేను. అందుకని నాకు మేడ మీద రేకుల గది దక్కింది. పొద్దున ఇందిరా పార్కులో చెట్టు కింద, మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాను కింద, సాయంత్రం నారాయణగూడ చౌరస్తాలో స్నేహితుడితో పంచుకున్న చాయ్ ముందు, ఎక్కడున్నా నా నోట్లో బిట్లు నానుతూనే ఉండేవి. (బిట్టు అంటే తెలియని అదృష్టవంతుల కోసం: ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు, అందులో ఒకటే సరైనది.) ఆ అలవాటు ఎంతవరకు ముదిరిందంటే, మెస్సులో వడ్డించే అక్క "ఏం కూర వెయ్యాలె తమ్మీ?" అని అడిగితే, "ఆప్షన్లు చెప్పక్కా" అనేవాణ్ని. ఆవిడ మూడే చెప్పేది. నాలుగోది లేదని నాకు వెలితిగా ఉండేది.

మా ఇంటి ఓనరుకు కాచిగూడలో మేకులు, గొళ్లేలు అమ్మే దుకాణం ఉండేది. మేమంతా అంకుల్ అని పిలిచేవాళ్లం. ఆయన తల్లిని మాత్రం ఇంట్లోవాళ్లు, కిరాయిదార్లు, పాలవాడు, అందరూ అవ్వ అనే పిలిచేవాళ్లు. అవ్వకు అప్పటికే ఎనభై దగ్గరపడ్డాయి. మోకాళ్లు మాట వినేవి కావు కాని, నాలుక బాగా వినేది. కాశీ చూసింది, తిరుపతి చూసింది, శ్రీశైలం ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే లెక్క లేదు. చూడనిదల్లా సముద్రం. బట్టలు ఆరేసే నెపంతో ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి వచ్చి, నా గది ముందు కూర్చుని, "బిడ్డా, సముద్రం అంటే ఎట్లుంటది?" అని అడిగేది. నేను ఊరుకుంటానా? ఉప్పదనం ఎంత, పోటు ఎందుకొస్తుంది, ఆటు ఎందుకొస్తుంది, చంద్రుడికి దీంతో ఏం సంబంధం, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా ఒప్పజెప్పేవాణ్ని. అవ్వ ఓపిగ్గా వినేది. అంతా అయ్యాక, "గదంత సరే బిడ్డా. సూస్తే ఎట్లుంటదని అడుగుతున్న" అనేది. చూస్తే ఎట్లుంటుందో నాకూ తెలియదు. సిద్దిపేట అవతలి పల్లె నుంచి వచ్చినవాణ్ని, నేను చూసిన అతిపెద్ద నీళ్లు హుస్సేన్‌సాగర్. ఆ సంగతి మాత్రం అవ్వకు చెప్పలేదు. ఆవిడ అడగలేదు కూడా.

కొడుకును అడిగితే అంకుల్ ఒకటే మాట అనేవాడు. "నెలకోసారి ట్యాంక్‌బండ్ మీద కూసోపెడ్తనే ఉన్న గదమ్మా. గవ్వి నీళ్లు కావా?" అవ్వ చాట అందుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేది.

ఇందిరా పార్కులో పొద్దున్నే నడిచే పెద్దమనుషుల బృందం ఒకటి ఉండేది. దాదాపు అందరూ రిటైరైన ఉద్యోగులే. నడక కొంచెం, చర్చ ఎక్కువ. వాళ్లకు నాయకుడు గాంధీనగర్‌లో ఉండే ఒక పెద్దాయన. ఏ శాఖలో సూపరింటెండెంటుగా చేశాడో ఎవరికీ గుర్తులేదు కాని, అందరూ సూపరింటెండెంటు గారనే పిలిచేవాళ్లు. బందరులో పుట్టి, రాష్ట్రం ఏర్పడ్డాక తండ్రి ఉద్యోగంతోపాటు చిన్నప్పుడే హైదరాబాదు వచ్చి, ఇక్కడే తల నెరిసినవాడు. ఈ బృందం ఏటా కుటుంబాలతో సహా బస్సు మాట్లాడుకుని ఏదో ఒక ఊరు చూసి వచ్చేది. ఆ ఏడు సూపరింటెండెంటు గారు పట్టుబట్టి బందరు ఖాయం చేశారు. నేను చెట్టు కింద కూర్చుని, బందరు అంటే మచిలీపట్నం, గోల్కొండ సుల్తానుల రేవు, ఇక్కడి బట్టలు అక్కడ ఓడ ఎక్కేవి అని కళ్లు మూసుకుని వల్లె వేస్తుంటే ఆయన చెవిన పడింది. నడక ఆపేసి, "ఏవండీ, ఇలా రండి! ఈ కుర్రాడు మా ఊరి గురించి నాకు తెలియనివి చెబుతున్నాడు. మన గైడు ఇతనే" అని అక్కడికక్కడే ప్రకటించారు. (అప్పటిదాకా నేను రాసిన పరీక్షలన్నిటిలోనూ నన్ను ఎంపిక చేసినవాడు ఆయనొక్కడే.)

ఈ కబురు నాకంటే ముందే మా ఇంటికి చేరింది. నేను వెళ్లేసరికి అవ్వ మెట్ల దగ్గర కాచుకుని ఉంది. "బందరు కాడ సముద్రం ఉంటదా?" అంది. "ఉంటదవ్వా. ఊరికి కొంచెం దూరం." "అయితే నేనొస్త." అంకుల్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చి, "జర ఆలోచించమ్మా, గా మోకాళ్లతోని బస్సుల ఎట్ల కూసుంటవ్? నన్ను పరేషాన్ చెయ్యకు" అని బతిమాలాడు. అవ్వ కొడుకు వైపు చూడనైనా చూడలేదు. "ఈ తాప పోకపోతే మల్ల పోనని నాకెరుకనే" అని నాతో అంది, నిమ్మళంగా. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నువ్వు సూపిస్తవ్ గద బిడ్డా?" అని అడిగింది. "నేను చూపిస్త అవ్వా" అన్నాను. అంత ధైర్యంగా నేను అంతకుముందు ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

తల్లి వెంట అంకుల్‌కూ బయల్దేరక తప్పలేదు. శనివారం రాత్రి చిక్కడపల్లిలో బయల్దేరి, తెల్లారేసరికి బందరులో దిగాం. ఆదివారం పొద్దుగూకే లోపు మళ్లీ బయల్దేరాలని డ్రైవరన్న ముందే షరతు పెట్టాడు. స్నానాలు, ఇడ్లీలు అయ్యాక అందరూ బస్సులో సర్దుకుని కూర్చుని నా మొహం చూశారు. నేను లేచి నిలబడ్డాను. అప్పుడు తెలిసింది నాకు, మామూలు వాక్యం రాదని. గొంతు సవరించుకుని, "మచిలీపట్నం కింది వాటిలో ఏ రాజ్యానికి ప్రధాన రేవు? ఎ, విజయనగరం. బి, గోల్కొండ. సి, బహమనీ. డి, పైవేవీ కావు" అన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. వెనక సీట్లోంచి ఎవరో "బి!" అని అరిచారు. ముందు సీటాయన "నేను ముందే అన్నానండీ, మెల్లగా అన్నాను" అన్నారు. అంతే, అంటుకుంది. కోట చేరేలోపు బస్సు కుడివైపు వాళ్లు ఒక జట్టు, ఎడమవైపు వాళ్లు ఒక జట్టు అయ్యారు. జీవితమంతా ఫైళ్ల మీద సంతకాలు పెట్టి విసిగిన మనుషులకు ఒకటే జవాబున్న ప్రశ్న దొరికితే ఎంత సంబరమో ఆ పొద్దున చూశాను. నాకైతే ఒళ్లు తెలియలేదు.

బందరు కోటలో మిగిలింది కొన్ని గోడలు, ఆయుధాలు దాచిన పాత కట్టడం, అక్కడక్కడా గడ్డి. ఆ కొద్దిపాటి గోడల మీద నేను చాలా ప్రశ్నలు వేశాను. అవ్వ ఒక రాయి మీద కూర్చుని, "బిడ్డా, సముద్రం ఏ దిక్కుకున్నది?" అని అడిగింది. తూర్పు చూపించాను. అవ్వ రాయి మీదే కొంచెం జరిగి, అటు తిరిగి కూర్చుంది. "సాయంత్రం పోదాం అవ్వా" అని మళ్లీ ప్రశ్నల్లో పడ్డాను. అక్కణ్ణించి చిలకలపూడి వెళ్లాం. పాండురంగస్వామి గుడిలో దర్శనం తొందరగానే అయింది కాని, రోల్డుగోల్డు నగల దుకాణాల్లో ఆడవాళ్ల దర్శనం తెమల్లేదు. ఒకావిడ గాజులు చూస్తే పక్కావిడకు అవే గాజులు కావాలి. అవే గాజులు ఇద్దరి చేతులకూ ఎందుకని మూడో ఆవిడకు వేరే గాజులు కావాలి. తర్వాత బందరు లడ్డూలు, బందరు హల్వా, భోజనాలు. అవ్వ ఒక్క లడ్డూ చిదిపి నోట్లో వేసుకుని, "మంచిగున్నది. ఇగ పోదమా?" అంది. "ఇంకొక్కటే ఉంది అవ్వా" అన్నాను.

ఆ ఒక్కటి డచ్చివాళ్ల సమాధులు. ఎక్కణ్ణించో ఓడలెక్కి వచ్చి, మన ఎండలకు, మన జ్వరాలకు ఇక్కడే ఒరిగిపోయిన మనుషులు. రాళ్ల మీద వాళ్ల వంశాల గుర్తులు ఎంతో శ్రద్ధగా చెక్కి ఉన్నాయి. అవ్వ గేటు దగ్గరే చెప్పులు విడిచి, "పాపం, ఎవల పిల్లలో" అని దండం పెట్టి, బస్సెక్కి కూర్చుంది. నేను ఆ సమాధుల మధ్య నిలబడి ఆ రోజుకే పెద్ద ప్రశ్న వేశాను. మచిలీపట్నంలో మొదట వ్యాపార స్థావరం పెట్టిన ఐరోపావాళ్లు ఎవరు? కుడి జట్టు డచ్చివాళ్లంది. ఎడమ జట్టు పోర్చుగీసువాళ్లంది. నేను డచ్చివాళ్లే కరెక్టన్నాను. కుడి జట్టు గెలిచింది.

ఇక్కడ అశోక్‌నగర్ సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర పరీక్ష అవగానే కథ అయిపోదు. పరీక్ష పెట్టినవాళ్లు ముందు ఒక 'కీ', అంటే సరైన జవాబుల జాబితా, విడుదల చేస్తారు. దాని మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువిస్తారు. అసలు పండగ అప్పుడు మొదలవుతుంది. పుస్తకాలు పట్టుకుని, పేజీలు పట్టుకుని, ఆ జవాబు తప్పనీ ఈ ప్రశ్నే తప్పనీ వీధి వీధంతా వాదించుకుంటుంది. ఈ పెద్దమనుషుల ఇళ్లలో కిరాయికున్నది మావంటివాళ్లే కాబట్టి, ఆ విద్య వాళ్లకు మాకంటే బాగా వచ్చు. ఎడమ జట్టు నాయకుడు మా అంకులే. ఆయన చెయ్యి పైకెత్తి, "తమ్మీ, కీ మీద అభ్యంతరం ఉన్నది" అన్నాడు. "పోర్చుగీసోళ్లు అంతకుముందే వచ్చి ఊరు పట్టుకున్నరు. నువ్వే పొద్దుగాల బస్సుల చెప్పినవ్." సూపరింటెండెంటు గారు అడ్డం వచ్చి, "అలాక్కాదండీ. రావడం వేరు, స్థావరం పెట్టడం వేరు. ఇది మా ఊరు. మా ఊరి సంగతి మీరు చెప్పడమేమిటి?" అన్నారు. "ఊరు మీదైతే డచ్చోళ్లు మీ చుట్టాలా?" అని ఎడమ జట్టువారు. అసలు ప్రశ్నే రద్దు చేసి రెండు జట్లకూ మార్కులు కలపాలని కొందరు, కలిపితే కోర్టుకు పోతామని కొందరు. నేను మధ్యలో నిలబడి, ఒకేసారి ఇద్దరు పుస్తకాల పేర్లు అడిగితే ఇద్దరికీ చెబుతూ, లోపల్లోపల మురిసిపోతున్నాను. అంతమంది పెద్దలు నా ప్రశ్న మీద కొట్లాడుకోవడం అంటే మాటలా!

డ్రైవరన్న గేటులోంచి తొంగిచూసి, "సార్లూ, మీ పరీక్ష అయిందా? ఇప్పుడు ఎల్లకుంటే రేపు పొద్దుగాల పట్నం చేరం" అనేదాకా ఎవరికీ ఎండ వాలిన సంగతి పట్టలేదు. సూపరింటెండెంటు గారు ఆకాశం చూసి, గడియారం చూసి, "బీచ్ ఈసారికి వదిలేద్దామండీ. సముద్రం ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు చూసుకోవచ్చు" అన్నారు. అందరూ తలూపారు. చాలామంది చూసినవాళ్లే మరి. పొద్దుణ్ణించి అవ్వకు నేను చూపించిందంతా రాళ్లే.

అంకుల్ బస్సు ఎక్కబోతూ, "అమ్మా, ఇగ ఇంటికే. మల్లొకసారి తీస్కొస్త" అన్నాడు. అవ్వ సీటు పట్టుకుని లేచి, ఒక్కొక్క మెట్టే దిగి, బస్సు ముందుకు వెళ్లి, భుజం మీది తువ్వాలు నేల మీద పరిచి, సరిగ్గా ముందు చక్రం ఎదురుగా కూర్చుంది. మాకందరికీ అది అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అవ్వ ఇల్లు ధర్నాలు జరిగే వీధికి కూతవేటు దూరం. ఎన్నేళ్లుగా ఎన్ని మైకులు విన్నదో! ఎవరు ఎందుకు కూర్చున్నారో, ఏ సంఘంవాళ్ల గొంతు బాగుంటుందో, ఎవరికి పోలీసులు ఎప్పుడు మంచినీళ్లిస్తారో, ఆవిడకు తెలియని ధర్నా లేదు. కూర్చోవడం మాత్రం అదే మొదలు. చెయ్యి పైకెత్తి, గొంతు పెంచి, "సముద్రం సూపియ్యాలె!" అని అరిచింది. బస్సు కిటికీల్లోంచి కొత్త గాజుల చేతులు ఒక్కటొక్కటే లేచి, "సూపియ్యాలె! సూపియ్యాలె!" అన్నాయి.

"అమ్మా, నా ఇజ్జత్ పోతున్నదే. అందరు చూస్తున్నరు, లే" అని అంకుల్ ఆవిడ పక్కన గొంతుకూర్చున్నాడు. "నీ ఇజ్జత్ పెద్దదో, సముద్రం పెద్దదో సూసొచ్చి సెప్త" అంది అవ్వ. నేను గైడును. బస్సువైపు నిలబడాలో అవ్వవైపు నిలబడాలో క్షణం తెలియలేదు. నాలుగు ఆప్షన్లు వెతకలేదు, నిజం చెబుతున్నాను. వెళ్లి తువ్వాలు చివర, మట్టిలో అవ్వ పక్కన కూర్చున్నాను. అప్పుడు సూపరింటెండెంటు గారి మొహం చూడాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సంఘం తరఫున ఎన్నో ధర్నాల్లో కూర్చున్న మనిషి. కండువా సర్దుకుని, బస్సు ముందుకు వచ్చి, అవ్వకు చేతులు జోడించి, "ఏవండీ అవ్వగారూ, శిబిరం ఎత్తించిన పాపం నాకొద్దండీ. డిమాండు న్యాయమైందే" అని, డ్రైవరన్నవైపు తిరిగి, "బండి బీచ్‌కి పోనీ బాబూ. ఆలస్యం ఎందుకైందని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు" అన్నారు. డ్రైవరన్న నవ్వుతూ హారన్ కొట్టాడు.

మంగినపూడి చేరేసరికి ఎండ మెత్తబడింది. సరుగుడు చెట్ల అవతలినుంచి ముందు శబ్దం వచ్చింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ శబ్దం లేదు. అవ్వను ఒక వైపు అంకుల్, ఒక వైపు నేను పట్టుకుని ఇసుకలో నడిపించాం. నల్లటి ఇసుక, కాళ్లకు చల్లగా. చెట్లు అయిపోయాయి. ఇంకేమీ అడ్డం లేదు. అవ్వ ఆగిపోయింది. నాకు ఎందుకో ఏడుపు వచ్చింది, దాచుకోవడానికి ఇసుకవైపు చూశాను.

"ఎవలది బిడ్డా ఇది?" అంది అవ్వ, చివరికి.

"తీరం నుంచి పన్నెండు నాటికల్ మైళ్ల దాకా..." అని మొదలుపెట్టి, అవ్వ మొహం చూసి ఆగిపోయాను. "ఎవరిదీ కాదవ్వా" అన్నాను.

"మంచిగైంది" అంది అవ్వ. "ఎవలిదన్న అయితే గేటు పెడుదురు." (ఇంటి ఓనరమ్మ కదా, ఆమాత్రం తెలుస్తుంది.)

అంకుల్ చెప్పులు పట్టుకుని వెనకే ఉండిపోయాడు. మేమిద్దరం నీళ్లలోకి వెళ్లాం. ఒక అల వచ్చి పాదాలు తడిపి వెనక్కి వెళ్లింది. వెళుతూ వెళుతూ కాళ్ల కింది ఇసుకను లాక్కుపోయింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "బిడ్డా, నన్ను పట్టుకో! భూమి గుంజుకపోతున్నది!" అని కేక పెట్టింది. నేను పట్టుకుంటానని అవ్వ నమ్మకం. నా కింది భూమి కూడా పోతోంది. "నాది గూడ పోతున్నదవ్వా!" అని అంతకంటే గట్టిగా అరిచాను. ఇద్దరం ఒకళ్లనొకళ్లు వాటేసుకుని నిలబడ్డాం. ఒడ్డున సూపరింటెండెంటు గారు పొట్ట పట్టుకుని నవ్వుతూ, "ఏం కాదు, అలాగే ఉంటుంది! కదలకుండా నిలబడండి!" అని అరుస్తున్నారు. అల వెళ్లిపోయాక అవ్వ నా మొహం పరీక్షగా చూసింది.

"నువ్వు గూడ ఎన్నడు సూడలేదా?"

"లేదవ్వా."

"మరి గన్ని ముచ్చట్లు ఎట్ల సెప్పినవ్ రా?"

"చదివిన."

అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. ఇంకొక అల వచ్చింది. ఈసారి ఎవరం అరవలేదు.

మర్నాడు బాగా పొద్దెక్కాక అశోక్‌నగర్ చేరాం. ఆ తర్వాత కొన్నాళ్లు మా వీధి మొత్తానికి గైడు అవ్వే. పాలవాడికి, కూరగాయలామెకు, కొత్తగా దిగిన కిరాయి పిల్లలకు, చేతులు చాపి సముద్రం చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అది ఇంకొంచెం పెరిగేది. నన్ను సాక్ష్యం అడిగితే, "అవునవునవ్వా" అనేవాణ్ని. ఆటుపోట్ల సంగతి మళ్లీ ఎత్తలేదు. తర్వాత రెండేళ్లకు అవ్వ పోయింది. ఆ ఇల్లు కూడా పోయింది, ఆ చోట ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టలు ఉంది. నేను ఏ గ్రూపులో తేలానో చెప్పను కాని, బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో నాకంటూ ఒక కుర్చీ, ఫ్యాను ఉన్నాయి.

ఇన్నేళ్లలో సముద్రం చాలాసార్లు చూశాను. విశాఖ, మద్రాసు, పూరి, పిల్లల సెలవులకు ఎక్కడికి వెళ్లమంటే అక్కడికి. ఎక్కడైనా ఒకటే తంతు. పాదాల దాకా నీళ్లొచ్చి, వెనక్కి వెళుతూ కింది ఇసుక లాగుతుందా, నా చెయ్యి దానంతటదే పక్కకు చాచుకుంటుంది, ఎవరో పట్టుకుంటారన్నట్టు. వయసు మీదపడుతోంది, తల నెరిసింది, ఇంకా ఇదేం పిచ్చో! చెప్పులు పట్టుకోవడానికి చాచాననుకుని మా ఆవిడ ప్రతిసారీ తన చెప్పులు నా చేతిలో పెట్టి పిల్లల వెనక వెళ్లిపోతుంది. నేను వాటినే గట్టిగా పట్టుకుని నిలబడతాను.